88.3 మీద మా ఇంటి చిరునామా

మా కారు మా పూజ క్యాసెట్టును మింగేసింది. నుదుట పసుపు కుంకుమ పెట్టించుకుని, బంతిపూల దండ వేయించుకుని, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టించుకున్నాక, సరిగ్గా మంత్రం మధ్యలో మింగింది.

విశ్వకర్మ పూజ నాడు జంషెడ్‌పూర్‌లో దండ పడని చక్రం ఉండదు. లారీ, ఆటో, సైకిలు, ఆఖరికి పిండిమర కూడా ఆ రోజు పెళ్లికొడుకే. మా నాన్న ఉక్కు కంపెనీలో క్రేన్ ఆపరేటరు. పొద్దున్నే వెళ్ళి తన క్రేనుకి పూజ చేసి, బూందీ ప్రసాదం కాగితంలో పొట్లం కట్టుకుని ఇంటికొచ్చి, తర్వాత కారు సంగతి చూసేవాడు. అది సెకండ్ హ్యాండ్ కారు. ఎవరో ఆఫీసరు బదిలీ మీద వెళ్ళిపోతూ అమ్మితే నాన్న మోజుపడి కొన్నాడు. కొన్నది ఆయన, నడిపేది నేను. అంత పెద్ద క్రేనును గాల్లో అటూ ఇటూ తిప్పే మనిషికి నేల మీద స్టీరింగు పట్టుకుంటే చేతులు వణికేవి.

"పైనుంచి సూత్తే దారి తెలుత్తాది గానీ, ఇలగ నేల మీద కూకుంటే ఏటి కనిపిత్తాదే గుంటా" అని ముందు సీట్లో నా పక్కన కూర్చునేవాడు.

కూర్చుని ఊరుకునేవాడా? ప్లాంటులో క్రేన్ కింద నిలబడి చేతులతో సైగలు చేసే మనుషులు ఉంటారు. వాళ్ళ సైగలన్నీ నాన్న నా మీద ప్రయోగించేవాడు. చూపుడు వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే ఎత్తమని, అంటే బయలుదేరమని. అరచెయ్యి కిందికి ఆడిస్తే నెమ్మదిగా దించమని, అంటే బ్రేకు వెయ్యమని. పిడికిలి బిగిస్తే అన్నీ ఆపమని. నాకు లైసెన్సు వచ్చి అప్పటికి చాలా కాలమైంది. ఆదిత్యపూర్‌లో ఒక చిన్న ఇంజినీరింగ్ యూనిట్‌లో డ్రాయింగులు గీసే ఉద్యోగానికి రోజూ ఆ కారులోనే వెళ్ళొస్తున్నాను. అయినా నాన్న పక్కనుంటే నేను డ్రైవర్ని కాదు, క్రేను కొక్కేన్ని.

ఆ విశ్వకర్మ పూజకి పురోహితుడు దొరకలేదు. మాకు అందుబాటులో ఉన్న తెలుగు పంతులుగారు ఒక్కరే. పండగనాడు ఆయన స్కూటరు చప్పుడు వినపడేదే గానీ ఆయన కనపడేవారు కాదు. అందుకని మా ఇంట్లో చాలా ఏళ్ళుగా క్యాసెట్టే పురోహితుడు. విశాఖపట్నంలో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు కొన్న వినాయక పూజ క్యాసెట్టు అది. అందులో గంభీరమైన గొంతు ఒకటి మంత్రం చెప్పి, "మీ గోత్రం, మీ పేర్లు చెప్పుకోండి" అని కాస్త ఆగేది. ఆ ఖాళీలో నాన్న గబగబా అందరి పేర్లూ చెప్పేసేవాడు. చవితికీ అదే, దసరాకీ అదే, కారుకీ అదే. ఆ రోజు కారు టేపులో పెట్టి మీట నొక్కాడు. పంతులుగారి గొంతు సగం మంత్రంలో రాక్షసుడి గొంతులా బొంగురుపోయి, సాగి, ఆగిపోయింది. నాన్న లోపలికి వేలు పెట్టి లాగితే గోధుమరంగు టేపు సేమ్యాలాగా మూరలకొద్దీ వచ్చింది.

మెకానిక్ చూసి, రేడియో పనిచేస్తుంది గానీ టేపు పని అయిపోయింది, క్యాసెట్టు తీయాలంటే పగలగొట్టాలి అన్నాడు. నాన్న ఒప్పుకోలేదు.

"లోపల మంత్రం ఉన్నాది. పగలగొట్టకూడదు."

"మంచిదేలే. కడుపులో మంత్రం పెట్టుకుని తిరుగుతాది, ఇంక పూజలెందుకు" అంది అమ్మ.

పాటలు లేకుండా ఆదిత్యపూర్ దాకా కారు నడపడం నా వల్ల కాలేదు. సాక్చీ బజారులో వెతికితే అది దొరికింది. ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటర్ అన్నాడు కొట్టువాడు. సిగరెట్టు లైటరు పెట్టుకునే రంధ్రంలో దాన్ని దోపాలి. దాని తోకను, బొటనవేలంత పాటల ప్లేయరుకి తగిలించాలి. పెట్టె మీద ఒక అంకె వెలుగుతుంది. కారు రేడియోను ఆ అంకె దగ్గరికి తిప్పితే ప్లేయరులో పాట రేడియోలోంచి వస్తుంది. అంటే మన కారులో మనమే ఒక రేడియో స్టేషను పెట్టుకున్నట్టు. నేను 88.3 పెట్టుకున్నాను. అక్కడ ఎవరూ లేరు, ఒట్టి గాలి.

నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "సుట్ట ఎలిగించుకునే కాడ పాటలొత్తాయా? కలికాలం" అన్నాడు. అన్నాక, ఆ ప్లేయరులో పూజ కూడా ఎక్కించమన్నాడు. మా ఆఫీసులో ఇంకో తెలుగాయన దగ్గర అదే పూజ, అదే గొంతుతో సీడీ ఉంది. దాన్ని కంప్యూటరులోంచి ప్లేయరులోకి దింపుకొచ్చాను. కారు మింగిన పంతులుగారు అలా గాల్లోంచి తిరిగొచ్చారు.

మేముండేది అగ్రికోలో, కంపెనీ క్వార్టర్సు వరసలో. గోడకి గోడ, కిటికీకి కిటికీ. కారు పెట్టేది మాకూ పక్కింటి చాచీకి మధ్యనున్న సందులో, సరిగ్గా ఆవిడ వంటింటి కిటికీ కింద. చాచీ వాళ్ళది బీహారు. నేను పుట్టినప్పుడు అమ్మకు హిందీ ముక్క రాదు, చాచీకి తెలుగు ముక్క రాదు. అయినా నాకు నూనె రాసి, కాళ్ళ మీద వేసుకుని స్నానం పోసింది ఆవిడే. అమ్మ హిందీ అంతా చాచీ నేర్పిందే. అందుకే మా అమ్మ కోపమొస్తే భోజ్‌పురిలో తిడుతుంది. ఇద్దరూ పిట్టగోడ మీద మోచేతులు ఆనించుకుని మాట్లాడుకుంటే ఏ మాట ఎవరిదో దేవుడికే తెలియాలి.

ఒక రోజు పొద్దున్న ఇంజను వేడెక్కుతోంది, నేను అద్దం తుడుస్తున్నాను, పాట మోగుతోంది. కిటికీలోంచి చాచీ తల బయటికొచ్చింది.

"ఏ బబునీ! తుమ్హారా గాడీ హమరా రేడియో మే ఘుస్ గయా!"

పిల్లా, మీ కారు మా రేడియోలో దూరిందే అని. ఊళ్ళోకి కొత్త స్టేషన్లు వస్తున్నాయని విని ఆవిడ ముల్లు అటూ ఇటూ తిప్పుతోందట. ముల్లు ఒక చోట ఆగేసరికి పప్పు కుక్కరు పక్కన తెలుగు పాట లేచింది. మా పెట్టె చెయ్యి మహా సాగినా ఆ సందు దాటేది కాదు. సాగినంత మేరా చాచీ వంటిల్లే ఉంది. నేను కంగారుగా ఆపెయ్యబోతే ఆవిడ వారించింది.

"బంద్ మత్ కర్నా. పూరా సున్నే దే."

ఆపొద్దు, పూర్తిగా విననీ అంది. ఆ రోజు నుంచి ఆవిడ రేడియో ముల్లు అక్కడి నుంచి కదలలేదు. మాట తెలియని పాటలను ఆవిడ రోటీలు వత్తుకుంటూ వినేది. నేను తొందరగా బయలుదేరిన రోజు సాయంత్రం అమ్మతో పోట్లాట పెట్టుకునేది, మీ అమ్మాయి సగం పాటలో వెళ్ళిపోయిందని. మా స్టేషనుకి ఒక్క శ్రోతే గానీ, గట్టి శ్రోత.

ఇలా హాయిగా ఉన్న మాకు ఆ మరుసటేడు ఒక చిక్కు వచ్చి పడింది. ఏడాది చివర్లో నాన్న రిటైర్ అవుతాడు. రిటైరయితే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఎక్కడికి?

నాన్న మాట ఒకటే. శ్రీకాకుళం దగ్గర నాగావళి ఒడ్డున మా ఊళ్ళో చిన్న స్థలం ఉంది. అక్కడ రెండు గదులు వేసుకుని ఉండాలి. ఆ ఇంటి గుమ్మం ఎటు ఉండాలో, నుయ్యి ఎక్కడ తవ్వాలో నా చిన్నప్పటి నుంచీ ఆయన అన్నం తింటూ కంచంలో వేలితో గీసి చూపిస్తూనే ఉన్నాడు. అమ్మ మాట కూడా ఒకటే. ఆవిడ కదలదు. నా ఉద్యోగం ఇక్కడ, చాచీ ఇక్కడ, ఆవిడ వయసంతా ఇక్కడ. ఊళ్ళో ఇప్పుడు ఆవిడను పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరు.

ఇద్దరికీ మాటలు బందయ్యాయి. బందయితే ఇంట్లో ప్రశాంతంగా ఉంటుందనుకుంటారు ఎవరైనా. కాదు. ఇద్దరూ నా ద్వారా మాట్లాడేవారు. "మీ నాన్నకి సెప్పు, ఆదివారం ఆదిత్యపూర్‌లో ఇల్లు సూడ్డానికి ఎల్తన్నామని." "మీ అమ్మకి సెప్పు, సూడ్డానికి కారెందుకు, కళ్ళు సాలని." వాళ్ళు ఒకరికొకరు నాలుగడుగుల దూరంలో ఉండేవారు. మధ్యలో నేను ఒళ్ళు మండి "ఆప్ లోగ్ ఖుద్ బాత్ కర్ లీజియే నా", మీలో మీరే మాట్లాడుకోండి అని హిందీలో అరిస్తే, ఇద్దరూ కలిసి నన్ను తిట్టేవారు. ఆ ఒక్క విషయంలో మాత్రం వాళ్ళ మధ్య అభిప్రాయభేదం లేదు.

చవితి వెళ్ళిపోయింది, విశ్వకర్మ పూజ వస్తోంది. ఒక ఆదివారం అమ్మ పంతం నెగ్గి ముగ్గురం ఆదిత్యపూర్‌కి బయలుదేరాం. నాన్న ముందు సీట్లో, అమ్మ వెనక. ఆదిత్యపూర్‌కి ఖర్కాయ్ నది దాటి వెళ్ళాలి. వంతెన మీద ఎక్కడో లారీ ఆగిపోయి బళ్ళన్నీ నిలిచిపోయాయి. నాన్న పిడికిలి బిగించాడు, ముందున్న బళ్ళు నాకు కనపడవన్నట్టు.

"పోనేడు లాగ పూజ మద్దెలో ఆగిపోతే బాగోదు. ఓపాలి ఆ పూజ పెట్టి సూడు" అన్నాడు. పెట్టాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ పూజ మా ఇంట్లో అన్నేళ్ళు మోగిందా, అమ్మ ఒక్కసారి కూడా వినలేదు. ఎలా వింటుంది? క్యాసెట్టు మొదలయ్యేసరికి వంటింట్లో ఉండ్రాళ్ళు ఆవిరి మీద ఉండేవి. పాలు పొంగేవి. "హారతి టైముకి పిలవండి" అని అక్కడి నుంచే కేకేసేది. దేవుడి ముందు కూర్చునే తీరిక నాన్నది, దేవుడికి వండే పని అమ్మది. ఆవిడ చేతిలో పని లేకుండా కూర్చునే చోటు ప్రపంచంలో ఒక్కటే, ఆ కారు వెనక సీటు. ఆ వంతెన మీద, ఎటూ కదలని కారులో, అమ్మ మొదటిసారి ఆ పూజ విన్నది.

"ఆపు. ఇందాకటిది మల్లీ పెట్టు" అంది ఉన్నట్టుండి.

మళ్ళీ పెట్టాను. సంకల్పం వస్తోంది. పూజకి ముందు మనం ఎక్కడ కూర్చుని చేస్తున్నామో, ఎవరమో, ఏం కోరుతున్నామో దేవుడికి చెప్పుకోవాలి కదా, అది. శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో చెప్పి, "కృష్ణా గోదావరీ మధ్య ప్రదేశే" అన్నది గంభీరమైన గొంతు.

"ఏ నదుల మద్దెన అన్నాడు?"

"కృష్ణ, గోదావరి అమ్మా."

అమ్మ కిటికీ అద్దం దించింది. కింద ఖర్కాయ్ వర్షాకాలపు నీళ్ళతో ఎర్రగా, ఒడ్డులు ఒరుసుకుని పోతోంది.

"మరి ఇదేటి?"

నాన్న తన పక్క అద్దంలోంచి కిందికి చూశాడు.

"మీ నాన్ననడుగు. మనూరికాడ ఉన్నది నాగావళి. ఇక్కడున్నవి సువర్ణరేఖా, ఈ ఖర్కాయీ. కృష్ణని నాను రైల్లోంచి కూడా సూడ్నేదు. ఇన్నేళ్ళూ మీ నాన్న దేవుడికి ఎవులింటి అడ్రసు ఇచ్చినాడో అడుగు."

నాకు నవ్వాగలేదు. నాన్నకి కోపమాగలేదు. "మంత్రం మంత్రమే. రికార్డు సేసినోల్లు తెలివితక్కువోల్లేటి? మీ అమ్మకి సెప్పు."

"నానడిగినవన్నీ ఆ రెండు నదుల మద్దెన ఎవులికో అందుంటాయి. ఆయమ్మ ఎవులో గానీ సుకంగా ఉంటాది" అంది అమ్మ. ఆవిడా నవ్వింది. నవ్వి, ఆపేసింది. తర్వాత మాట నాతో కాదు, సూటిగా నాన్న మెడ వెనక్కి చూస్తూ అంది.

"మనూరెల్దాం అంటన్నారు. ఎల్లినా ఆడ కూడా ఈ మంత్రమే పెడతారు. ఆడున్నా ఆడ లేనట్టే, ఈడున్నా ఈడ లేనట్టే. బతుకంతా మనం ఉన్న ఊర్లో లేనట్టే బతకాలేటి?"

నాన్న వెనక్కి తిరగలేదు. ముందు బళ్ళు కదిలాయి. ఆయన వేలు తిప్పలేదు, నేనే పోనిచ్చాను. వంతెన దిగాక "ఇంటికెల్దాం" అన్నాడు. ఆ రోజు ఇల్లు చూడలేదు. ఇంటికి రాగానే అమ్మ పిట్టగోడ దగ్గరికి వెళ్ళి చాచీకి మొత్తం పూసగుచ్చినట్టు చెప్పింది. చాచీకి నొచ్చింది. మా నదులు ఏం పాపం చేశాయి, భగవంతుడికి వాటి పేర్లు తెలియవా అంది. మీ ఆయన నోటి వెంట మా నదుల పేర్లు వచ్చిన రోజున మీరు ఇక్కడే ఉంటారని నమ్ముతాను, అప్పటిదాకా నమ్మను అని కళ్ళొత్తుకుంది.

రెండు రోజుల తర్వాత నాన్న అగ్రికో బజారులో పంతులుగారి స్కూటరును పట్టుకున్నాడు. నేనూ పక్కనే కూరల సంచీతో ఉన్నాను. విషయం విని పంతులుగారు నవ్వారు.

"ఆ క్యాసెట్టు అక్కడివాళ్ళ కోసం చేసింది కదండీ. నేను తద్దినాలకి మీ ఇంటికి వచ్చినప్పుడల్లా సువర్ణరేఖా ఖర్కాయీ అనే చెబుతున్నాను. మీరు నా వెనకే అంటున్నారు కూడాను."

 అంటే ఇన్నాళ్ళూ నాన్న ఏమంటున్నాడో తెలియకుండానే అన్నాడన్నమాట.

"కూర్చున్న చోటు చెప్పాలండీ. మనసెక్కడుందో ఆయనకి మనం చెప్పక్కర్లేదు" అన్నారు పంతులుగారు. "ఇంకోటి కూడా ఉంది. సొంత ఇల్లయితే స్వగృహే అంటాం, కాకపోతే వసతి గృహే. మీది కంపెనీ క్వార్టరు కాబట్టి వసతి గృహే అంటున్నాను."

"రిటైరైపోతే?"

"అప్పుడు ఏ ఇంట్లో కూర్చుంటే ఆ మాట."

నాన్న నా చేతిలో సంచీ తీసుకుని దారంతా ముందు నడిచాడు. స్వగృహే, వసతి గృహే తేడా నేను ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. ఆ తర్వాత నాన్న డ్యూటీ దిగి నేరుగా ఇంటికి రావడం మానేశాడు. సైకిలు మీద ఎటో వెళ్ళి దీపాలు పెట్టే వేళకి వచ్చేవాడు. అన్నం తింటూ కంచంలో గుమ్మాలూ, నూతులూ గీయలేదు. అమ్మ నన్ను చూసేది, నేను అమ్మను చూసేదాన్ని. ఊరికి టికెట్లు తీసుకుంటున్నాడని అమ్మ గట్టిగా నమ్మింది. ట్రంకుపెట్టె దించి, దులిపి, మళ్ళీ పైన పెట్టింది. ఒక సాయంత్రం నాన్న నన్ను పక్కకి పిలిచాడు.

"నీ పాటల పెట్టిలో గొంతు ఎక్కించే మీట ఉన్నాదన్నావు. ఏది?"

చూపించాను. ఆ ప్లేయరులో మాట రికార్డు చేసుకునే సదుపాయం ఉండేది. ఎందుకని అడిగితే "నీకెందుకే, బేగి ఇయ్యి" అన్నాడు. రెండు రోజులు నేను పాటల్లేకుండా ఆఫీసుకి వెళ్ళాను. చాచీ కిటికీలోంచి నా వైపు గుర్రుగా చూసింది.

విశ్వకర్మ పూజ రోజు వచ్చింది. కారు కడిగాం. దండ వేశాం. నాలుగు నిమ్మకాయలు పెట్టాం. వరసలో అందరి స్కూటర్లూ, సైకిళ్ళూ దండలేసుకుని నిలబడ్డాయి. నాన్న కొత్త పంచె కట్టుకుని బానెట్ ముందు నిలబడ్డాడు. అమ్మ హారతి పళ్ళెం, కొబ్బరికాయ తెచ్చింది. ఆ రోజు ఆవిడను కూడా అక్కడే నిలబడమన్నాడు. నా ద్వారా కాదు, తనే.

"వంట తరవాత. ఇక్కడుండు."

నన్ను డ్రైవరు సీట్లో కూర్చోమన్నాడు. ప్లేయరు నా చేతిలో పెట్టి, చూపుడు వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పాడు. ఎత్తు అని.

ఆ పెట్టె ఇప్పుడు లేదు. కొన్నాళ్ళకి వేడెక్కి, కాలిన వాసన వేసి చచ్చిపోయింది. ఆ తర్వాత కార్లలో ఎన్నో వచ్చాయి. తీగలు లేనివి, చెప్పిన మాట వినేవి, దారి చెప్పేవి. దేని మీదా నాకు అంత ప్రేమ లేదు. సాక్చీ ఫుట్‌పాత్ మీద దొరికిన ఆ ప్లాస్టిక్ ముక్కకి నేను జన్మంతా రుణపడి ఉన్నాను. అది లేకపోతే మా అమ్మ ఆ వంతెన మీద ఆ మంత్రం వినేది కాదు. ఆ సందు దాటని దాని సత్తువకీ రుణపడి ఉన్నాను. అది ఊరంతా వినిపించే స్టేషనయి ఉంటే చాచీకి మాత్రమే వినపడేది కాదు.

మీట నొక్కాను. ముందు స్కూటరు హారను వినపడింది, తర్వాత ఎక్కడో గంట. తర్వాత బజారులో విన్న పంతులుగారి గొంతు మెల్లగా ఒక ముక్క చెప్పింది. దాని వెనకే మా నాన్న గొంతు. ప్లాంటు హోరులో అరిచి అరిచి అలవాటైన గొంతు. దేవుడు క్రేను కింద నిలబడి ఉన్నాడేమో అన్నంత గట్టిగా ఆ ముక్క తిరిగి చెప్పింది. పంతులుగారి ఇంటికి వెళ్ళి, ముక్కముక్కా పలికి, మొత్తం ఎక్కించుకొచ్చాడన్నమాట. సంస్కృతం ఆయన నోట్లో కంకర మీద బండిలా నడుస్తోంది. నడుస్తోంది, ఆగడం లేదు.

"సువర్ణరేఖా" అన్నారు పంతులుగారు.

"సువర్ణరేఖా" అన్నాడు నాన్న.

"ఖర్కాయీ మధ్య ప్రదేశే."

"ఖర్కాయీ మద్య ప్రదేశే."

అమ్మ పళ్ళెం బానెట్ మీద పెట్టేసింది. ఆవిడ నాన్న వైపు చూసింది. నాన్న కారు అద్దం వైపు చూస్తున్నాడు.

"స్వగృహే" అన్నారు పంతులుగారు. "స్వగృహే" అన్నాడు నాన్న, దాన్ని ఇంకాస్త గట్టిగా.

"అదేటి, ఇది కంపెనీ క్వార్టరు కదా" అంది అమ్మ. "వసతి గృహే అనాల కదా."

నాన్న పంచె అంచు సర్దుకున్నాడు. "వచ్చే ఏడుకీ ఇదే వాడాల. మల్లీ ఆయన్ని ఎక్కడ పట్టుకుంటాం? బాగ్‌బేరాలో రెండు గదుల ఇల్లు కొనడానికి మాటాడినాను. నీ ఆదిత్యపూర్ నది అవతలున్నాది. మంత్రం సరిపడదు." తర్వాత తనలో తనే అన్నట్టు అన్నాడు. "అక్కడ రైలు కూత వినపడతాది. మనూరెల్లే బండి ఆ పట్టాల మీదే ఎల్తాది."

అప్పుడు తెలిసింది నాకు, సాయంత్రాలు ఆ సైకిలు ఎటు వెళ్ళిందో. నాగావళి ఒడ్డున ఆయన కంచంలో గీసుకున్న ఇల్లు, గుమ్మం, నుయ్యి, అన్నీ తీసి పక్కన పెట్టి, రైలు పట్టాల పక్కన గోడకి గోడ ఆనుకున్న రెండు గదులు వెతుక్కొచ్చాడు. వదులుకున్నానని ఒక్క మాట అనలేదు. ఊరు వదల్లేక రైలు కూతకి దగ్గరగా వెళ్ళాడు, అమ్మను వదల్లేక ఊరికి దూరంగా ఉండిపోయాడు. నాకు స్టీరింగు మసకబారింది. మా నాన్న మీద నాకు అంత ప్రేమ ఉందని అప్పటిదాకా నాకే తెలియదు.

అప్పుడే పక్కింటి వంటింట్లో ఏదో గిన్నె కింద పడింది. చాచీ రేడియో 88.3 మీదే ఉంది. తెలుగు రాదు, సంస్కృతం రాదు. ఆ మంత్రం మొత్తంలో చాచీకి తెలిసిన మాటలు రెండే. ఆ రెండూ ఆవిడ నదుల పేర్లు. పిండి చేతులతో అలాగే బయటికి పరిగెత్తుకొచ్చింది.

"ఖర్కాయీ బోలా నా? సువర్ణరేఖా బోలా నా? మైనే సునా!"

ఆ పేర్లు అన్నారు కదా, నేను విన్నాను అని. అమ్మ తలూపింది.  చాచీ వచ్చి ఆవిడను వాటేసుకుంది. అమ్మ పట్టుచీర వీపు మీద రెండు పిండి చేతులు అచ్చు పడ్డాయి. బాగ్‌బేరా, టెంపో ఎక్కితే ఎంతసేపు అని ఒకరు, రోజూ రావాలని ఒకరు. ఏడుపూ నవ్వూ తెలుగూ భోజ్‌పురీ అన్నీ కలిసిపోయాయి. వరసలో జనం చూస్తున్నారు. నాన్నకి సిగ్గు ముంచుకొచ్చింది. నా వైపు తిరిగి పిడికిలి బిగించాడు. ఆపు అని.

నేను ప్లేయరు మీదికి చెయ్యి చాపాను.

"ఏ బబునీ, బంద్ మత్ కర్!" అని చాచీ అమ్మ భుజం మీంచే కేకేసింది. "అభీ పూజా బాకీ హై."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కారులోంచీ, ఆవిడ వంటింట్లోంచీ ఒకేసారి నాన్న గొంతు గోత్రం చెప్పింది. చెప్పి, అమ్మ పేరు, నా పేరు చెప్పింది.